పంకా అక్కర్లేని ఇల్లు

24 ఫిబ్రవరి 1974, కోదాడ

మా ఆడబిడ్డ రాజేశ్వరి గృహప్రవేశం. కొత్త డాబా ఇల్లు. పైన స్లాబు. గదికొక పంకా. పొద్దున్నే ఒక్కొక్కటీ తిప్పి చూపించింది.

పూజ మొదలైంది, కరెంటు పోయింది. పంకాలు మమ్మల్ని చూశాయి. మేం పంకాలను చూశాం. పొయ్యి మీద పాలకన్నా ముందు హాల్లో చుట్టాలు పొంగారు. అయ్యగారు మంత్రం ఆపకుండానే పంచాంగంతో విసురుకున్నారు.

రాజేశ్వరి నా పక్కన చేరింది. "వదినా, సిమెంటు దొరకని రోజుల్లో ఇంత ఇల్లు లేపామంటే మాటలా? మీరింకా ఆ మిల్లు గదుల్లోనే మగ్గుతున్నారా పాపం?"

నేను మామూలుగా మాట తక్కువ మనిషిని. (నా డైరీ, నా ఇష్టం.) కానీ ఆ "పాపం" నన్ను కూర్చోనివ్వలేదు. లేచి నిలబడి అందరూ వినేట్టు చెప్పాను:

"మిర్యాలగూడలో నా పేర జాగ ఉంది. అందులో ఇల్లు కడతాను. మట్టి గోడలు, గూన పెంకులు. పంకా అక్కర్లేని ఇల్లు! ఎండాకాలం మీరందరూ చల్లదనానికి నా దగ్గరికే రావాలి."

చప్పట్లు వినపడ్డాయి. దోమలను కొట్టుకోవడం కూడా అయ్యుండొచ్చు.

25 ఫిబ్రవరి, మిర్యాలగూడ

నియమాలు:

ఒకటి: సిమెంటు ముట్టను.
రెండు: ఇనుము వాడను. తలుపు గడియకు తప్ప.
మూడు: పంకా పెట్టను. దాని కొక్కెం కూడా పెట్టను.
నాలుగు: కరెంటు ఒక్క బల్బుకు. అది కూడా కోడలు ప్రేమలత కోసం. చీకట్లో నేను కనపడకపోతే ఆమెకు భయం. కనపడితే ఇంకా భయం.
ఐదు: బయట కొనేది తక్కువ. మట్టి మా చెలకది, ఊక మా మిల్లుది.

అరబ్బు దేశాలు నూనె ఆపేశాయని పేపర్లో రోజూ రాస్తున్నారు. కిరసనాయిలుకు వీధి చివరిదాకా క్యూ. కరెంటు వచ్చినప్పుడు వచ్చినట్టు. లోకమంతా ఇప్పుడు తల పట్టుకుంది. నేను మాత్రం నిజాం కాలంలోనే హైదరాబాదు హాస్టల్లో ఉండి మెట్రిక్ చదివినదాన్ని. మందమైన మట్టిలోంచి వేడి ఎంత నిదానంగా నడుస్తుందో సైన్సు పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఊళ్ళో ఇంకెవరూ చదవలేదు, నా అదృష్టం.

ఇదంతా మిల్లు ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. అక్కడ పంకా ఉంది. ఇల్లు పూర్తయ్యేదాకా ఇదొక్కటే సడలింపు.

3 మార్చి

కొడుకు జగన్మోహన్‌తో పంచాయితీ.

"అమ్మా, ఈ జమానల మట్టిల్లు ఎవరు కడతరే? రైసు మిల్లు షావుకారు మట్టింట్ల ఉంటడా? బజార్ల తలెత్తుకోవాల్నా వద్దా?"

"జాగ ఎవరి పేర ఉంది?"

వాడు కాసేపు గోడ మీది దేవుళ్ళను చూశాడు. దేవుళ్ళు నా వైపే. చివరికి ఒప్పందం కుదిరింది. మృగశిర కార్తె లోపల గోడలు లేచి పెంకు కప్పితే ఇల్లు నా పద్ధతిలో ఉంటుంది. కాకపోతే వాడి స్లాబు కింద, వాడి పంకా కింద, నోరు మూసుకుని కూర్చోవాలి.

"నోరు మూసుకుని" అన్న మాట రెండుసార్లు అన్నాడు. వాడికి ఇంటికన్నా అదే ఎక్కువ ఆశలా కనపడింది.

10 మార్చి

పని మొదలు! మేస్త్రీ కిష్ట్యా దొరికాడు. ఊళ్ళో మట్టి గోడ పెట్టేవాడు వాడొక్కడే మిగిలాడు. మిగతా వాళ్ళు సిమెంటు నేర్చుకుని మేస్త్రీగార్లు అయ్యారు.

"ఫికర్ చెయ్యకమ్మా. నేను పెట్టిన గోడ ఏనుగు గుద్దినా కదలది."

"మిర్యాలగూడలో ఏనుగులు లేవు కిష్ట్యా. వాన సంగతి చెప్పు."

వాడు తలెత్తి ఆకాశమంతా వెతికాడు. "వానేదమ్మా?" అన్నాడు. మార్చి నెల కదా, నాకూ కనపడలేదు.

మట్టి తొక్కడానికి వేములపల్లి నుంచి చంద్రమ్మ, ఆమె జట్టు. కాలువ నీళ్ళు వచ్చినప్పటి నుంచి చంద్రమ్మకు సొంతంగా కొంత వరి ఉంది. వడ్లు మా మిల్లులోనే పట్టిస్తుంది. వరి పని లేని రోజుల్లో ఇలా కూలికొస్తుంది. నోరు నా అంతది. అందుకే ఇష్టం.

"అమ్మా, ఒడ్డు మీద నిలవడి ఏం జూస్తవ్? నువ్వు గూడ దిగు. సల్లగుంటది."

దిగాను. నిజంగానే చల్లగా ఉంది! ప్రేమలత పరుగెత్తుకొచ్చింది. "అత్తయ్యా! మీ వయసేంటి, ఆ బురదేంటండీ!"

దిగడానికి ఎవరూ అక్కర్లేకపోయింది. పైకి తీయడానికి నలుగురు పట్టారు.

14 మార్చి

కిష్ట్యా మట్టిలో కలపడానికి వరిగడ్డి అడిగాడు. గడ్డి పశువులు తింటాయి. మిల్లు నిండా ఊక ఉండగా గడ్డెందుకు? ఊకలో గాలి ఉంటుంది, గాలి వేడిని ఆపుతుంది. సైన్సు. కిష్ట్యా తలూపాడు. వాడికి అర్థమైతే తల గీక్కుంటాడు, కాకపోతే ఊపుతాడు.

మిల్లు ముందరి ఊక కుప్పను ఇటుక బట్టీవాళ్ళు లారీలో తోలుకుపోయారు. ఇక వెనకాల తడిక చాటున ఉన్న కుప్పే మిగిలింది. జగన్మోహన్ ఎప్పుడూ "అటు పోకమ్మా, పామున్నది" అంటాడు. ఇవాళ వాడు సూర్యాపేటలో మిల్లర్ల మీటింగుకు పోయాడు. తడిక తీయించాను.

పాము లేదు. ఒక పిల్లి, దాని పిల్లలు. వాటిని పక్కకు జరిపి బండ్లకొద్దీ ఊక ఎత్తించాను.

చంద్రమ్మ గంప నెత్తికెత్తుకుని, "ఏందమ్మా, ఈ ఊక గింత బరువున్నది?" అంది.

"మా మిల్లు సరుకు. నాణ్యం!" అన్నాను.

16 మార్చి

జగన్మోహన్ వచ్చాడు. వెనక్కి పోయి చూశాడు. తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"వెనక కుప్ప ఎవరు తీసిన్రు?"

"నేనే. మట్టిలో కలిపించాను."

"అంతనా?"

"నాలుగో వంతు ఉంచాను, పిల్లికి. ఏమైందిరా, పాము కరిచిందా?"

వాడు తడిక వైపు చూశాడు. తర్వాత, "ఏం లేదు. మంచిగ తొక్కుమను. బాగ తొక్కుమను" అని లేచిపోయాడు.

కొడుకు దారికొస్తున్నాడు! రాత్రి అన్నంలో నెయ్యి ఎక్కువ వేశాను.

20 మార్చి

జగన్మోహన్ రోజూ పనికాడికి వస్తున్నాడు! గట్టున నిలబడి "ఇంక తొక్కుండ్రి, ఇంక తొక్కుండ్రి" అంటాడు. చంద్రమ్మ విసుక్కుని, "షావుకారూ, ఇది మట్టి తొక్కుడా, పగ తీర్సుకునుడా?" అంది. మట్టి మీద వాడికి ఇంత మమకారం పుడుతుందని అనుకోలేదు. నా బోధ ఊరికే పోలేదు.

24 మార్చి, ఉగాది

మొదటి వరుస లేచింది! నా మూర కన్నా మందం. మధ్యాహ్నం ఎండలో గోడ లోపలివైపు చెంప ఆనించాను. కుండ నీళ్ళలా చల్లన.

ఎండకు పగుళ్ళివ్వకుండా తడి గోనెపట్టాలు కప్పించాను. మట్టి గోడకు తడి ఎందుకని కిష్ట్యా గొణిగాడు. స్లాబుకు తడి పెడతారు, గోడ చేసిన పాపమేమిటి? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేనే దగ్గరుండి నీళ్ళు కొట్టిస్తున్నాను.

రాజేశ్వరికి కార్డు రాశాను: "చల్లగా ఉన్నాము. మీరు ఎలా ఉన్నారు?"

30 మార్చి

స్నానాల గది కింద సిమెంటు చెయ్యక తప్పదని కిష్ట్యా పట్టుబట్టాడు. ఒక్క బస్తా. స్నానాల గది ఇల్లు కాదు. ఇంట్లో ఉంటుంది, అంతే.

పైకప్పు దూలాలకు ఇనుప పట్టీలు కూడా కావాలట. పట్టీ అంటే ఇనుమే, కానీ సన్నది.

మూడో నియమం భద్రంగా ఉంది. (ఆఫీసు పంకా కింద రాశాను.)

2 ఏప్రిల్

అద్భుతం!! పొద్దున గోనెపట్టా ఎత్తితే గోడ పచ్చగా ఉంది!

మొదటి వరుస నిండా, రెండో వరుసలో సగం దాకా సన్నని మొలకలు. గోడకు మీసాలు వచ్చినట్టు. కిష్ట్యా చెప్పులు విప్పి దండం పెట్టాడు. "అమ్మా, లక్ష్మి! నేను పెట్టిన గోడల లక్ష్మి మొలిసింది!" లక్ష్మి మొలిచిన గోడకు కూలి పెంచాలని కూడా వెంటనే గుర్తు చేశాడు.

నేను మూఢనమ్మకాలు లేనిదాన్ని. కొంచెం పసుపు, కుంకుమ మాత్రం పెట్టాను.

3 ఏప్రిల్

ఊరు ఊరంతా వచ్చింది. గోడకు కొబ్బరికాయలు కొట్టారు. ఎవరో హారతి పళ్ళెం కూడా పెట్టారు. ప్రేమలత గోడ పక్కన నిలబడి అందరికీ "మా అత్తయ్యగారి ఐడియా అండీ" అని చెప్పింది. పెళ్ళయినప్పటి నుంచి ఈ కోడలి నోట నా గురించి మంచి మాట ఇదే మొదటిది.

జగన్మోహన్ ఒక్కడే రాలేదు. కడుపునొప్పట.

4 ఏప్రిల్

చంద్రమ్మ గోడలోంచి ఒక మొలక పీకింది. అరచేతిలో పెట్టుకుని చూసింది. కింద ఇంకా వడ్ల గింజ అంటుకునే ఉంది.

"అమ్మా, ఇది వరి."

"వరే. మిల్లు ఊక కదా."

"ఊకల వడ్లకేం పని?" నవ్వుతూనే అడిగింది. "ఉట్టి పొట్టు మొలుస్తదా? పోయినసారి నా వడ్లు పట్టిస్తే బియ్యం తక్కువొచ్చినయి. ఏంది షావుకారూ అంటే, 'ఈసారి నీ వడ్లల్ల తాలెక్కువున్నది చంద్రమ్మా' అన్నడు నీ కొడుకు. గింజ లేని తాలు మొలవది గదమ్మా."

నేను గోడ వైపు చూశాను. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా జవాబు చెబుతోంది.

ఎండ ఎక్కువగా ఉందని లోపలికొచ్చాను.

5 ఏప్రిల్

కొడుకును మిల్లు గదిలో కూర్చోబెట్టి తలుపు మూశాను.

"ఆ వెనక కుప్పలో పాము ఏ జాతిదిరా?"

మొదట మిషను మీద నెట్టాడు. తర్వాత మర నడిపే డ్రైవరు మీద. నేను కదలకపోయేసరికి చెప్పాడు. మర జర వదులుగా పెడితే కొన్ని వడ్లు పొట్టు ఊడకుండా ఊకతో పాటు వెళ్ళిపోతాయి. రైతు తన బియ్యం ఎత్తుకుని ఇంటికి పోతాడు. ఊక మిల్లుకే ఉంటుంది. ఆ ఊకను తర్వాత మళ్ళీ మరలో పోస్తే బియ్యం వస్తాయి. అవి మన దుకాణంలో అమ్ముడుపోతాయి.

"అందరు గదే చేస్తరమ్మా. ఇది దొంగతనం గాదు. రివాజు."

"రివాజుకు తడిక ఎందుకురా?"

తల దించుకున్నాడు. తర్వాత తలెత్తి అసలు మాట చెప్పాడు. రైతులు గుమిగూడుతున్నారు. ఒక్క మాటతో ఆపగలిగేది నేనే. ఊకలో వడ్లు నేనే కలిపించానని చెప్పాలి. గోడ పచ్చగా, చల్లగా ఉండాలని విత్తనాలు చల్లాను అనాలి. అలా అంటే ఇల్లు నా ఇష్టం. మృగశిర దాకా ఎందుకు, మే నెలలోనే పెంకు కప్పిస్తాడట. మిల్లు హమాలీలందరినీ పంపుతాడట. స్లాబు మాట మళ్ళీ ఎత్తడట.

నేను లేచి తలుపు తీశాను.

6 ఏప్రిల్

ఇంకా ఏమీ అనలేదు. అబద్ధం ఆడకపోవడం వేరు, నిజం చెప్పకపోవడం వేరు. రెండింటి మధ్య బోలెడంత జాగ ఉంది. ఇల్లు కట్టుకోవచ్చు.

7 ఏప్రిల్

రైతులు గోడ దగ్గరికి వచ్చేశారు. ఒక్కొక్కరు ఒక్కో మూల పట్టుకున్నారు.

"గీ మూల నాది. నా వడ్లే. పోచ జూడు, ఎంత బలంగున్నదో!"

"ఏ, నీ వడ్లకు గంత సత్తువేడిది? ఇది మా పొలందే!"

"కిటికీ కింద మొలిసినయి మావి. పోయినసారి మేమే ఆఖర్న పట్టిచ్చినం."

మొలకకు పేరుండదు. అందుకే గోడంతా అందరిదీ అయింది. కిష్ట్యా రెండు చేతులూ చాచి గోడకు అడ్డం నిలబడ్డాడు. "గోడ నాది! వడ్లు ఎవరియైనా గోడ నాది!"

అప్పుడు నేను చెప్పాను. "అరవకండి. వడ్లు నేనే కలిపించాను. గోడ చల్లగా ఉంటుందని. సైన్సు."

అందరూ చల్లబడ్డారు. చదువుకున్న ముసలమ్మ చెప్పిందని నమ్మారు. ఒక్క చంద్రమ్మ మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంటూ నన్ను చూసింది. "అట్లనా అమ్మా" అంది. అంతే. ఆమె నోట ఇంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు.

మంచి పనే చేశాను. మిల్లు మూతపడితే హమాలీలు ఏం తింటారు? నేను నా కోసం చూసుకోలేదు. ఇల్లు దానంతట అది వచ్చింది.

15 ఏప్రిల్

గోడలు పరుగులు పెడుతున్నాయి. దర్వాజలు నిలబడ్డాయి. పెంకులు దిగాయి. జగన్మోహన్ నన్ను "అమ్మగారు" అంటున్నాడు.

ఇబ్బంది ఒక్కటే. మేకలు. ఊళ్ళో మేకలన్నింటికీ ఈ గోడ సంగతి తెలిసింది. మొలకలతో పాటు మట్టి పెళ్ళలు కూడా లాగుతున్నాయి. తూర్పు గోడకు పెద్ద కన్నం. మనం కట్టుకునే ఇంటిని మేకలు మేయడం ఏ పుస్తకంలోనూ లేదు.

చంద్రమ్మ పనిలోకి రావడం లేదు. వరి కోతలట.

18 ఏప్రిల్

బజార్లో నేను పోతుంటే నవ్వులు. బియ్యం దుకాణం ముందు ఒకడు ఇంకొకడితో అంటున్నాడు: "గోడల వడ్లు సల్లిందంట. ఇగ పైకప్పు మీద కందులు ఏస్తదేమో." రెండోవాడు: "పాపం, షావుకారు తల్లికి పిచ్చి తలకెక్కింది. సదువెక్కువైతే గట్లనే."

చదువు ఎక్కువైతే!

21 ఏప్రిల్

కోదాడ నుంచి రాజేశ్వరి దిగింది. చేతిలో సీసా. "వదినా, ఇది మెదడుకు చలవ చేసే నూనె. రోజూ మాడుకు పట్టించు. మా వీధిలో ఒకాయనకు ఇలాగే అయితే దీంతోనే కుదురుకున్నాడు. అంతకుముందు బట్టలు కూడా చించుకునేవాడట. నీకింకా అంతదాకా రాలేదులే."

నేను సీసా మీది చీటీ చదివాను.

"నువ్వు మాట్లాడకుండా ఉన్నావంటే నిజంగానే ఏదో అయింది వదినా" అని ఏడ్చింది. ఏడుస్తూనే నా నెత్తిన సగం సీసా గుమ్మరించింది. ప్రేమలత పక్కన నిలబడి విసనకర్రతో విసిరింది. ఇద్దరూ నా మీద జాలిపడ్డారు. ఆడబిడ్డ, కోడలు కలిసి జాలిపడితే ఎలా ఉంటుందో పగవాళ్ళకు కూడా తెలియకూడదు.

22 ఏప్రిల్

దొంగకు తల్లి అనిపించుకుంటే భరించేదాన్నేమో. పిచ్చి ముసలి అనిపించుకోవడం నావల్ల కాదు.

పొద్దున్నే రిక్షా ఎక్కి వేములపల్లి పోయాను. చంద్రమ్మ కల్లంలో వడ్లు తూర్పారబడుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"చంద్రమ్మా, ఆ వడ్లు నేను కలపలేదు."

"ఎరుకే."

"ఎరుకుంటే అందరికీ ఎందుకు చెప్పలేదు?"

"నా మాటెవరింటరమ్మా, నువ్వు సైన్సంటివి." చేటలోంచి పొట్టు లేచి నా మొహాన పడింది. కావాలనే అనుకుంటాను. "బియ్యం తక్కువొచ్చినయని ఈ కోతల దాకా మేం ఒంటిపూట తిన్నం. నీ గోడ మా వడ్లు తిని మంచిగ పెరిగింది. పైసలియ్యమంటలే. ఎవరియి వాళ్ళకు రానీ. నాకు జెప్పిన మాటే అందరికి జెప్పు, నీ నోటితోని."

చెప్పడానికి గంట కూడా పట్టలేదు. మిల్లు ముందు, వడ్ల బండ్లు నిలబడి ఉండగా చెప్పాను. వెనక తడిక నేనే లాగేశాను. పోయిన నెలకన్నా పెద్ద కుప్ప ఉంది. పిల్లి మాత్రం లేచి పోయింది. దానికి బుద్ధి ఉంది.

జగన్మోహన్: "అమ్మా, ఇల్లు ఖతం. నీ ఒప్పందం నువ్వే తెంపినవ్."

"తెంపాను" అన్నాను.

28 ఏప్రిల్

రైతులే కూర్చుని వెనక కుప్పంతా జల్లించారు. వచ్చిన వడ్లను వరసలో ఎవరెంత పట్టించారో దాన్నిబట్టి పంచుకున్నారు. కొట్లాడుకుంటూ, తిట్టుకుంటూ, చాయ్ తాగుతూ. చాయ్ మిల్లు ఖాతాలో. మరను అప్పటికప్పుడే బిగించారు. గట్టిగా తిప్పింది చంద్రమ్మే.

హమాలీలు నా గోడ పని మానేశారు. కిష్ట్యా ఒక్కడే మిగిలాడు. మేకలు కూడా.

8 మే

ఒక వింత. సిమెంటు దొరకడం లేదని, పర్మిట్టు రాదని రెండేళ్ళ నుంచి వింటున్నాం కదా? ఇవాళ పొద్దున రెండు లారీల సిమెంటు మా జాగ ముందు ఆగింది!

సంగతేమిటంటే, చుట్టుపక్కల ఊళ్ళలో రైతులు కొత్త పద్ధతి పట్టారట. వడ్లు పట్టించే ముందు మిల్లువాణ్ణి అడుగుతున్నారట: "నీ ఊక జర ఇయ్యి, గోడ పెట్టి జూస్తం." సూర్యాపేట మిల్లర్లందరూ ఒకచోట కూడి మా వాణ్ణి పిలిపించారు. "నువ్వు ముందు మీ అమ్మకు డాబా కట్టియ్యి. సిమెంటు సంగతి మేం జూసుకుంటం. ఆ మట్టి గోడ మాత్రం ఊళ్ళె ఉండొద్దు" అన్నారట.

ప్రభుత్వం చెయ్యలేని పని నా గోడ చేసింది. సిమెంటు కరువు తీర్చింది.

1 జూన్

రోహిణి కార్తెలోనే పెద్ద వాన. గాలితో. పెంకు కప్పని గోడలు సాయంత్రానికి మోకాలెత్తున ముద్దయ్యాయి. కిష్ట్యా గొడుగు పట్టుకుని వచ్చి చూశాడు.

"ఏనుగు గుద్దినా కదలదన్నావు కదరా?"

"ఏనుగు గాదు గదమ్మా, వాన."

8 జూన్, మృగశిర

ఒప్పందం ముగిసింది. నోరు మూసుకున్నాను. జగన్మోహన్ రెండుసార్లు వచ్చి నిజంగానే మూసుకున్నానా లేదా అని చూసి పోయాడు.

24 నవంబరు

గృహప్రవేశం. డాబా. గదికొక పంకా. రాజేశ్వరి వచ్చి స్లాబుకు చెయ్యి ఆనించి, "మా దానికన్నా పల్చన" అంది. కరెంటు ఉంది. అదొక్కటే అవమానం తప్పింది. నాకు కాదు, కొడుక్కీ కోడలికీ.

12 ఏప్రిల్ 1975, ఉగాది

పొద్దెక్కకముందే స్లాబు కాలుతోంది. నా గదిలో పంకా తిరిగితే పైనున్న వేడిని కిందికి తోస్తుంది, ఆగితే వేడి తనే దిగుతుంది. ప్రేమలత రాత్రుళ్ళు నీళ్ళు చల్లుకుని వరండాలో పడుకుంటోంది. నిన్న నెమ్మదిగా నా దగ్గరికొచ్చి, "అత్తయ్యా, ఆ మట్టి గోడ పక్కన నిల్చుంటే ఎంత చల్లగా ఉండేదండీ!" అంది. ఏడాది పట్టింది.

ఇంటి ముందు, రోడ్డు వైపు ఖాళీ జాగ ఉంది. అక్కడ ఒక్క గది. నాకు చాలు. కిష్ట్యాకు కబురు పెట్టాను. పెంకు కప్పేదాకా వాడికి కూలి లేదు. ఈసారి ఏనుగుల మాట ఎత్తలేదు. చంద్రమ్మ రేపు దిగుతుంది. నన్ను కూడా దిగమంది.

కొత్త నియమాలు:

ఒకటి: సిమెంటు లేదు.
రెండు: పంకా లేదు.
మూడు: ఊక మా మిల్లుదే. వెనక కుప్పదే.
నాలుగు: గోడలకు తడి గోనెపట్టాలు. రోజూ.
ఐదు: ఏటా ఉగాదికి పక్కన ఒక కొత్త గోడ, కొత్త ఊకతో. రోడ్డున పోయేవాళ్ళందరికీ కనపడేట్టు.

జగన్మోహన్‌కు చదివి వినిపించాను. మూడో నియమం దగ్గర లేచి నిలబడ్డాడు. ఐదో దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, గడ్డి తెప్పిస్త. ఎంత కావాల్నంటే అంత."

"వద్దు. మొలవకపోతే నాకు చల్లని గది. మొలిస్తే చంద్రమ్మ చూసుకుంటుంది."

సాయంత్రం మిల్లు ఆఫీసు కిటికీలోంచి చూస్తే వాడే జల్లెడ పట్టుకుని వెనక కుప్ప దగ్గర ఊక జల్లిస్తున్నాడు. చొక్కా తడిసి ముద్ద. గింజ దొరికినప్పుడల్లా అటూ ఇటూ చూసి పక్కన పోస్తున్నాడు.

కరెంటు పోయింది. అయినా పంకా కింది నుంచి లేవలేదు. ఇక్కడి నుంచి బాగా కనపడుతోంది.